చేతులు కలవని సామురాయ్

అటు పదహారు, ఇటు పదహారు గుబ్బలున్న బూడిదరంగు ప్లాస్టిక్ పలక ఒకటి నెల రోజులుగా మా భోజనాల బల్ల మీద ఉంది. గుబ్బకూ గుబ్బకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు కనుక ఆ పలక జానెడైనా ఉండదు. అయినప్పటికీ అది ప్రస్తుతానికి తోకుగావా వంశపు సైనిక పాలకులు, అంటే షోగన్లు, ఏలిన ఎడో కాలపు జపాన్ దేశం, దాని మీద సాంబారు గిన్నె పెట్టడం నిషిద్ధం. నలభై దాటిన మనిషి లెగో ఇటుకలతో జపాన్ యోధుడైన సామురాయ్ దృశ్యం కట్టుకోవడమేమిటని విస్తుపోయే బంధువులకు నేను సంక్రాంతి బొమ్మల కొలువును గుర్తు చేస్తూ ఉంటాను. అక్కడ కొండపల్లి అంబారీ పక్కన బ్యాటు పట్టిన క్రికెటర్ నిలబడినా చారిత్రక ఆధారం చూపమని అడిగే నాథుడు లేడు. నా పలక విషయంలో అడిగేవాడు ఒకడున్నాడు, అది నేనే.

మొదటి చిక్కు కోటతో వచ్చింది. లెగో మనిషి ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు; అతణ్ణి 160 సెంటీమీటర్ల పెద్దమనిషిగా భావిస్తే, రాతి పునాదితో కలిపి 46 మీటర్ల ఎత్తున్న హిమేజీ కోట ప్రధాన సౌధం మా బల్ల మీద మీటరు దాటి లేచి గోడ గడియారాన్ని కమ్మేస్తుంది. అదే కోటను 2023లో లెగో కంపెనీవారు 2,125 ముక్కల్లో తీసుకువచ్చారు గానీ, ఆ కొలతకు నా సామురాయ్ దాని ప్రాంగణంలో అడుగుపెడితే బకాసురుడిలా కనిపిస్తాడు. పైగా తోకుగావా ప్రభుత్వం 1615లో ఒక్కో ప్రభువు ఒక్క కోటనే ఉంచుకుని తక్కినవి కూల్చివేయాలని ఆజ్ఞాపించినట్లే, మా ఇంట్లోనూ గత ఉగాదికి ఒక శాసనం వెలువడింది. షోకేసులో ఉన్నదాన్ని ఉంచుకుంటావా, కొత్తది కట్టుకుంటావా అని మా ఆవిడ అడిగిన తీరులో షోగన్‌కు ఉండవలసిన స్పష్టత అంతా ఉంది. నేను సామంతుణ్ణి, ఒక గోడ మూల, ఒక ద్వారం, ఒక రాతి దీపం, ఒక చెర్రీ చెట్టుతో సంధి చేసుకున్నాను.

చెర్రీ చెట్టు గురించి ఒక మాట చెప్పక తప్పదు. 2021లో వచ్చిన బోన్సాయ్ సెట్టులో పూలుగా కనిపించేవి చాలావరకు నిజానికి గులాబీరంగు కప్పలు. ఈ రహస్యం తెలిసినప్పటి నుంచి నేనూ ఆ సంప్రదాయాన్నే పాటించదలచాను గానీ, నా డబ్బాలో దొరికినవి ఆకుపచ్చ కప్పలు. కాబట్టి నా చెట్టుకు ఇంకా వసంతం రాలేదు, తొలకరి మాత్రం పడింది. ఎర్రటి తోరీ ద్వారం కూడా పెట్టి తీసేశాను. అది జపాన్ స్థానిక మతమైన షింటో ఆలయ ప్రవేశాన్ని సూచించేదే తప్ప, పలక మీద ఖాళీ కనిపించిన ప్రతిచోటా పాతేందుకు కరెంటు స్తంభం కాదు.

ఇక సామురాయ్. అతని పిడికిలి పక్షి ముక్కులా వంగి ఉంటుంది, 3.2 మిల్లీమీటర్ల మందమున్న కాడను అందులోకి నొక్కితే 'టిక్' అని పట్టుకుంటుంది, మళ్లీ లాగితే తప్ప వదలదు. అంతవరకు యోధుడే. అయితే భుజాలు పైకీ కిందికీ తిరగడమే గాని రెండు చేతులూ రొమ్ము ముందు కలవవు. కతానా రెండు చేతులా పట్టవలసిన కత్తి. మోకాళ్లకు కీళ్లు లేవు కనుక మడమల మీద కూర్చోలేడు. నడుముకు కీలు లేదు కనుక తుంటి దగ్గర మడతపడటమే తప్ప వెన్ను వంచి నమస్కరించలేడు. వీటికి తోడు, నా దగ్గరున్నది పసుపుపచ్చ తల: రెండు చుక్కలు, ఒక చిరునవ్వు. కత్తి పట్టలేక, కూర్చోలేక, వెన్ను వంచలేక, ఎవరు తిట్టినా నవ్వుతూ నిలబడే ఇతణ్ణి సామురాయ్ అనడం చరిత్రకు ద్రోహమని రెండు వారాలు మథనపడ్డాను.

తరువాత తెలిసి వచ్చింది, ఇంతకు మించిన చారిత్రక సత్యం మరొకటి లేదని. 1600లో సెకిగహారా యుద్ధం, 1615లో ఒసాకా కోట పతనం, 1638లో షిమబారా తిరుగుబాటు అణచివేత, ఆపైన రెండు శతాబ్దాలకు పైగా చెప్పుకోదగ్గ యుద్ధమే లేదు. మరి నడుముకు రెండు కత్తులు దోపుకున్న అంతమంది ఏం చేశారంటే, లెక్కలు రాశారు. జీతం బియ్యంలో కొలిచేవారు. ఒక మనిషికి ఏడాది గ్రాసంగా ఎంచిన కొలత కొకు, అంటే దాదాపు 150 కిలోలు. ఆ బియ్యాన్ని వర్తకులకు అమ్ముకోవడం, చాలక వారి దగ్గరే అప్పు చేయడం, కింది తరగతివారైతే ఇంట్లో కూర్చుని గొడుగు కమ్ములకు కాగితం అంటించడం. కత్తి ఉన్న కరణాలన్న మాట. కూటి కోసం కోటి విద్యలు. గాజులా మెరిసే ఎర్రటి ముక్కలను నెత్తురుగా చల్లి మహాసంగ్రామాలు కట్టే తోటి నిర్మాతలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. నేను సంగ్రామం ఆలోచన మానుకుని, ద్వారం పక్కన గోధుమరంగు రాతబల్ల, దాని వెనుక ఆరు తెల్లటి గుండ్రని ముక్కలతో బియ్యపు బస్తాలు పెట్టాను. కూర్చోలేడు కనుక నిలబడే లెక్క చూస్తున్నాడు.

గత ఆదివారం ఉదయం హాల్లో వాక్యూమ్ క్లీనర్ తిరుగుతుండగా గొట్టంలో ఏదో టకటకమంది. "మీ వాళ్లదేమైనా పడిందేమో చూసుకోండి" అని మా ఆవిడ హెచ్చరించేసరికే ఆలస్యమైపోయింది; కతానా లేదు. బహిరంగంగా కత్తి ధరించరాదని షోగన్ల తరువాత వచ్చిన మెయిజీ ప్రభుత్వం 1876లో ఇచ్చిన ఉత్తర్వు మా ఇంటికి ఈ విధంగా అందింది. దుమ్ము సంచీ విప్పి వెతికితే రెండు పిన్నీసులు, ఒక ఆకుపచ్చ కప్ప దొరికాయి. డబ్బా అడుగున అదే మందం కాడతో ఒక చీపురు ఉంది. సామురాయ్ పిడికిట్లో నొక్కాను, 'టిక్' మంది. ఇప్పుడతను చెట్టు కింద నిలబడి, అదే నవ్వుతో, రాలని కప్పలను ఊడుస్తున్నాడు.