లీ గారి కుటుంబానికి ఒక విన్నపం

డ్యూలీ, న్యూలీ, బ్యాడ్లీ, ఫ్రెష్‌లీ, తక్కిన లీ గార్లందరికీ నమస్కారాలు.

ఇంగ్లీషులో 'లీ'తో ముగిసే క్రియావిశేషణాలు మీరు. నామవాచకం ముందు మీరు నిలబడే తీరు గురించే ఈ ఉత్తరం. పక్కన పార్టిసిపుల్ (బిల్ట్, సైన్డ్ లాంటి, క్రియ నుంచి పుట్టి విశేషణంలా పనిచేసే మాట) ఒక్కటే ఉన్నంతవరకు మీతో పేచీ లేదు. 'న్యూలీ బిల్ట్ హౌస్' అంటే కొత్తగా కట్టిన ఇల్లు, అంతే. 'అండ్' అంటూ రెండో పార్టిసిపుల్ చేరిందో, మీ పూచీ ఎందాకా అన్నది మీరు చెప్పరు.

మన ఆఫీసుల్లో పలుకుబడి ఉన్న డ్యూలీ గారినే తీసుకుందాం. 'డ్యూలీ ఫిల్డ్ అండ్ సైన్డ్ అప్లికేషన్' ఇవ్వాలట. నింపడం సక్రమంగా ఉండాలి, సరే. సంతకం కూడా సక్రమంగానే ఉండాలా, ఉంటే చాలా? కౌంటరు వెనక కూర్చున్నాయన ఆ పూటకి ఏది అనుకూలమో అదే అర్థం.

ఫ్రెష్‌లీ గారు నయం. 'ఫ్రెష్‌లీ వాష్డ్ అండ్ ఐరన్డ్ షర్ట్'లో ఉతకడం ఇప్పుడే జరిగితే ఇస్త్రీ పాతది కావడానికి వీల్లేదు గనక రెండూ తాజావే. బ్యాడ్లీ గారు అలా కాదు. 'బ్యాడ్లీ డ్యామేజ్డ్ అండ్ అబాండన్డ్ కార్' దగ్గర ఆయన మొదటి మాటతోనే ఆగిపోతారు. దెబ్బతినడంలో ఎక్కువ తక్కువలుంటాయి, వదిలేసి పోవడంలో ఏముంటాయి? ఈ తేడా మాకు చెప్పింది వ్యాకరణం కాదు, కార్ల గురించి మాకున్న లోకజ్ఞానం. పేరు మీకు, పని మాకు.

ఆ లోకజ్ఞానం కూడా చేతులెత్తేసే చోటు న్యూలీ గారిది. 'న్యూలీ పెయింటెడ్ అండ్ రిపేర్డ్ హౌస్' అని ప్రకటన వేస్తారు. రంగు కొత్తదే, మరమ్మతు ఎప్పటిది? బయానా ఇవ్వబోయేవాడికి అది చిన్న ప్రశ్న కాదు. మందు ఏమిటంటే మిమ్మల్ని రెండో మాట ముందుకు జరపడం. 'రిపేర్డ్ అండ్ న్యూలీ పెయింటెడ్ హౌస్' అన్నాక మీరు వెనక్కి వెళ్లి రిపేర్డ్‌ను పట్టుకోలేరు, కాబట్టి రంగు ఒక్కటే కొత్తదని తేలిపోతుంది. రెండూ కొత్తవైతే మిమ్మల్ని రెండుసార్లు పిలవాలి: 'న్యూలీ పెయింటెడ్ అండ్ న్యూలీ రిపేర్డ్'. చెవికి మొరటే, కానీ అనుమానం ఉండదు.

అయితే ఈ మందు అన్నిచోట్లా పనిచేయదు. మీరు తోడు లేకపోతే కొన్ని పార్టిసిపుళ్లు నామవాచకం ముందు నిలవనే నిలవవు. 'న్యూలీ ఎరైవ్డ్ గెస్ట్స్' అంటారు, 'ఎరైవ్డ్ గెస్ట్స్' అనరు. 'ఫాలెన్ లీవ్స్', 'రిటైర్డ్ ఆఫీసర్' మాత్రం మీ సాయం అడగకుండానే బతికేస్తాయి. 'బిల్ట్ హౌస్' కూడా విడిగా వింతగానే ఉంటుంది. అందుకే 'బ్యూటిఫుల్లీ డిజైన్డ్ అండ్ బిల్ట్ హౌస్'లో బ్యూటిఫుల్లీ గారు రెండు మాటల భారమూ మోయక తప్పదు. వాటిని అటూ ఇటూ మార్చి చూడండి, బిల్ట్ ఒంటరిదై వాక్యం కుంటుతుంది.

మీ దూరపు చుట్టం వెల్ గారు నామవాచకం ముందుకు వచ్చేటప్పుడు హైఫన్ తగిలించుకుని వస్తారు. మీకు అది అక్కర్లేదు, చివర ఉన్న లీ చూసే ఎవరో గుర్తుపడతాం. ఆయన గీతతో వచ్చే చిక్కు వేరు. 'వెల్-డిజైన్డ్ అండ్ బిల్ట్' అని రాస్తే గీత ఆయన్ని మొదటి మాటకే కట్టేస్తుంది. 'వెల్-డిజైన్డ్ అండ్ వెల్-బిల్ట్' అంటేనే రెండో మాటకీ దక్కుతారు.

ఇక తెలుగులో మాకు ఈ 'అండ్' అవసరమే లేదు. 'ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా' అంటే ఏది ముందో ఏది వెనకో కూడా తెలుస్తుంది. అలాంటిది డ్యూలీ గారి పుణ్యమా అని ఫారాల మీద 'విధిగా పూరించబడిన మరియు సంతకం చేయబడిన దరఖాస్తు' వెలిసింది. 'సక్రమంగా నింపి సంతకం పెట్టిన దరఖాస్తు' సరిపోయేది. ఆ 'సక్రమంగా' సంతకానికి కూడా వర్తిస్తుందా అంటారా? వర్తించాలనుకుంటే సంతకం ముందు ఇంకోసారి మేమే రాసుకుంటాం, మీరు శ్రమపడకండి.

ఇట్లు,
ఫారాలు నింపేవాళ్లం