ఏడుపు ఆగిందంటే నొప్పి తగ్గినట్టేనా?

ఏడు నెలల పిల్లాడు ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడుస్తాడు, కాళ్లు కడుపులోకి ముడుచుకుంటాడు, కాసేపటికి ఏమీ జరగనట్టు ఆడుకుంటాడు, పావుగంటకి మళ్లీ అదే వరస. మన ఇళ్లలో ముందు దిష్టి తీస్తాం, తర్వాత వాము నీళ్లో గ్రైప్ వాటరో పట్టిస్తాం. చాలాసార్లు అది ఉత్త గ్యాసే, ఎవర్నీ తప్పుపట్టలేం. కానీ పేగులో పేగు దూరినప్పుడు కూడా ఏడుపు ఇలాగే ఆగి ఆగి వస్తుంది. మధ్యలో పిల్లాడు నవ్వడమే మనల్ని మోసం చేసేది.

డాక్టర్లు దీన్ని ఇంటస్ససెప్షన్ అంటారు. చొక్కా చెయ్యి లోపలికి మడతపడినట్టు చిన్నపేగు చివర పెద్దపేగులోకి జారిపోతుంది, దాంతోపాటు రక్తనాళాలూ లోపలికి వెళ్లి నలిగిపోతాయి. మూడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో, అందులోనూ మొదటి ఏడాదిలో ఎక్కువ.

నా గొడవంతా రక్తం గురించే. నొప్పి, వాంతి, ఎర్రటి జెల్లీ లాంటి విరేచనం, ఈ మూడూ ఉంటేనే అనుమానించాలనుకుంటే సగానికి పైగా పిల్లలు తప్పిపోతారు, ఎందుకంటే రక్తం పడేసరికే పేగు లోపలి పొర దెబ్బతిని ఉంటుంది. తీరా అది కనబడ్డాక 'జిగట విరేచనాలు' అని మందుల షాపులో ఓ యాంటీబయాటిక్ సిరప్ చేతిలో పెడతారు, ఇక ఆ రాత్రి పోయినట్టే. కొందరు పిల్లలైతే అసలు ఏడవరు, మగతగా వాలిపోతారంతే. ఇక పసరు రంగు వాంతి, ముఖ్యంగా నెల లోపు పసిగుడ్డుకి అయితే, పేగు మెలిపడిందేమోనని వెంటనే పరుగెత్తాల్సిందే, తెల్లారేదాకా చూద్దాం అనే మాటే వద్దు.

త్వరగా వస్తే వైద్యం తేలికే. అల్ట్రాసౌండ్‌లో పేగు వలయాలుగా కనబడుతుంది, మలద్వారం గుండా గాలో సెలైనో ఎక్కించి దాన్ని వెనక్కి నెడతారు, పది మందిలో ఎనిమిది మందికి దాదాపు కత్తి అవసరమే రాదు. పేగు చిల్లుపడినా కుళ్లినా మాత్రం ఆపరేషనే. సరిచేశాక పదిమందిలో ఒకరికి మళ్లీ రావచ్చు కాబట్టి డిశ్చార్జి రోజే తల్లికి ఆ సంగతి చెప్పాలి, చెప్పేవాళ్లు తక్కువ.

చిక్కేమిటంటే పిల్లల సర్జన్లు పెద్ద ఊళ్లలోనే ఉంటారు. కనీసం దగ్గరున్న ఆసుపత్రి సెలైన్ పెట్టి, స్కాన్ తీసి, అక్కడికి ఫోన్ చేసి పంపాలి, ఉత్త చీటీ రాసి కాదు.

తల్లులకు ముందే చెప్పడానికి ఇంకో దారీ ఉంది, టీకాల రోజు. పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి అమెరికాలో వేసిన ఓ టీకాని 1999లో వెనక్కి తీసుకున్నది, దానివల్ల కొందరికి పేగు ఇలా దూరుతోందనే. ఇప్పటి టీకాలతో ఆ ముప్పు చాలా తక్కువ, లాభమే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి 6, 10, 14 వారాలకు ఈ టీకా చుక్కలు వేస్తున్నారు. ఆ మూడుసార్లూ ఏఎన్ఎం తల్లికి ఆగి ఆగి వచ్చే ఏడుపు గురించీ పసరు వాంతి గురించీ అర నిమిషం చెబితే, దానికి కొత్త బడ్జెట్టేమీ అక్కర్లేదు.