‘టార్న్’ పాటని ఎవరూ దొంగిలించలేదు సామీ

ఆ మెసేజ్ ఈ నెలలో నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో, తర్వాత మా ఆర్కెస్ట్రా గ్రూపులో వచ్చింది. కందుకూరులో ఉండే మా బావ ఒకసారి పంపాడు. నిన్న రాత్రి మా మేడ మీద అద్దెకుండే కుర్రాడు ‘అన్నా, నువ్వు గిటార్ వాయిస్తావు కదా, ఇది చూడు’ అని మళ్ళీ పంపాడు. మొదటి మూడుసార్లు ఊరుకున్నా.

అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ‘1997లో ప్రపంచాన్ని ఊపేసిన టార్న్ పాట నటాలీ ఇంబ్రూలియాది కాదు. డెన్మార్క్ గాయని పాటను ఎత్తేసింది. అసలు రాసిన అమ్మాయికి పైసా ముట్టలేదు, పేదరికంలో పోయింది. పాటలో వినిపించేది నటాలీ విడాకుల బాధ. ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ వారాల తరబడి నంబర్ వన్. తన పాట తను రాసుకోలేనివాళ్ళు గాయకులే కాదు. మనోళ్ళు చేస్తే కాపీ, తెల్లోళ్ళు చేస్తే కవర్. మేలుకో తెలుగోడా, పది మందికి పంపు.’

పంపారు. పది మంది కాదు, పదివేల మంది పంపినట్టున్నారు.

విడాకుల సంగతి ముందు తేల్చేద్దాం, అది ఒక్క నిమిషం పని. ఆమె పెళ్ళి చేసుకున్నది 2003లో, విడిపోయింది 2008లో. 1997 పాటలో 2008 విడాకులు వినపడ్డాయంటే ఆ చెవులకు దండం పెట్టాలి. పైగా వేరేవాళ్ళ పాట ఎత్తేసిందని మొదలుపెట్టి, మూడు వాక్యాలు తిరక్కుండానే ఆమె సొంత బాధ అంటాడు. ఏదో ఒకటి తేల్చుకోవయ్యా!

నంబర్ వన్ గొడవకి సగం మార్కులేస్తా. ఇంగ్లండ్‌లో అది రెండో స్థానం దాటలేదు. పైన ‘బార్బీ గర్ల్’ అనే ఇంకో పాట కూర్చుని ఉంది, దిగలేదు. అమెరికాలో రేడియోల లెక్కలో 11 వారాలు మొదటి స్థానంలో ఉన్న మాట నిజమే. అయితే అక్కడ ఆ పాటను విడి సింగిల్‌గా దుకాణాల్లో అమ్మలేదు. అమ్మకానికి పెట్టని పాటను అసలు చార్టులో, అదే బిల్‌బోర్డ్ పత్రిక వేసే పాటల ర్యాంకుల పట్టిక హాట్ 100లో, అప్పట్లో లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు. ఆ రూలు మారింది 1998 డిసెంబరులో. అప్పటికి పాట వేడి చల్లారిపోయింది, 42 దగ్గర ఆగింది.

ఇక డెన్మార్క్. ఈ పాట రాసింది ముగ్గురు: ఆన్ ప్రెవెన్, స్కాట్ కట్లర్, ఫిల్ థార్నలీ. రాసింది ఇంగ్లీషులో. దాన్ని 1993లో లిస్ సోరెన్సన్ అనే గాయని డేనిష్‌లోకి మార్పించుకుని ‘కాలిపోయాను’ అనే అర్థం వచ్చే పేరుతో పాడింది. మొదటి రికార్డు ఆమెదే, కాదనను. కానీ పాట ఆమెది కాదు. ఈ మెసేజ్ లాజిక్ ప్రకారం చూస్తే అసలు దొంగ ఆమే అవ్వాలి. ఆ తర్వాత 1995లో ప్రెవెన్, కట్లర్‌ల సొంత బ్యాండ్ ఎడ్నాస్వాప్ పాడింది. 1996లో ట్రీనె రైన్ అనే గాయని పాడి నార్వేలో వినిపించింది. అప్పుడొచ్చింది నటాలీ, ఆస్ట్రేలియా సీరియల్ నటి, మొదటి సింగిల్‌తో. ఆమె పాటను రికార్డు చేయించిన ప్రొడ్యూసర్ ఎవరనుకున్నారు? ఫిల్ థార్నలీ. రాసిన ముగ్గురిలో ఒకడు. ఇంటాయనే తాళం తీసి, లోపలికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెడితే దాన్ని మా నెల్లూరులో చుట్టపుచూపు అంటారు. దొంగతనం అనరు.

నన్ను నిజంగా మండించింది ‘పైసా ముట్టలేదు, పేదరికంలో పోయింది’ అన్న మాట. మనిషి చచ్చిపోయిందని రాయడానికి చెయ్యెలా వచ్చిందో! రాసిన ముగ్గురిలో అమ్మాయి ఆన్ ప్రెవెన్ ఒక్కతే. ఆమె ఆ తర్వాత ‘డ్రీమ్‌గర్ల్స్’ సినిమాకి పాట రాసి 2007లో ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. పక్కన కట్లర్ కూడా ఉన్నాడు. పేదరికం అంటే ఇదేనేమో, నాకు తెలియదు, మా ఆర్కెస్ట్రాలో ఎవరికీ ఇంతవరకు అలాంటి పేదరికం పట్టలేదు.

డబ్బు సంగతి కూడా సరిగ్గా తలకిందులుగా రాశాడు. అమెరికాలో రేడియో స్టేషన్ ఒక పాట వేస్తే, ఆ రాయల్టీ పాట రాసినవాళ్ళకీ వాళ్ళ పబ్లిషర్‌కీ వెళ్తుంది. పాడినవాళ్ళకి ఆ రేడియో నుంచి ఏమీ రాదు. అక్కడి చట్టం అంతే, గాయకులు ఏళ్ళ తరబడి దాని మీద పోట్లాడుతూనే ఉన్నారు. అంటే 11 వారాలు అమెరికా రేడియోలన్నీ కలిసి మోగించిన ఆ మోత రాసిన ముగ్గురి ఇంటికి చేరిందే తప్ప పాడిన నటాలీ ఇంటికి కాదు. క్యాసెట్లు, సీడీలు అమ్మితే ఆమెకి వచ్చింది, అందులోనూ రాసినవాళ్ళకి వాటా ఉంది. ఇంగ్లండ్‌లోనే ఆ సింగిల్ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఈ దొంగతనం ఎవరైనా నా పాటకి కూడా చేస్తే బాగుండు.

‘తన పాట తను రాసుకోలేనివాళ్ళు గాయకులే కాదు.’ ఈ మాట ఇంకెక్కడన్నా అనండి. బాలసుబ్రహ్మణ్యం గారు తిరిగిన నెల్లూరులో, తన ఇంటిని వేద పాఠశాలకి ఇచ్చేసిన నెల్లూరులో కూర్చుని ఫార్వర్డ్ చేస్తారా? ఆయన పాడిన వేల పాటలు ఆయనే రాశారా? మా సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ రాశాడు, ఆయన పాడలేదు. ఈయన పాడాడు, రాయలేదు. ఇద్దర్లో ఎవరు దొంగో బావా, నువ్వే చెప్పు. ఇంకొంచెం ఉత్తరానికి పోతే కంభం దగ్గర కాకర్ల ఉంది, త్యాగరాజు పెద్దలు అక్కడివాళ్ళే. తిరువైయ్యారులో ఏటా ఆయన కీర్తనలు గుంపుగా కూర్చుని పాడేవాళ్ళందరి మీదా ఎఫ్ఐఆర్ రాయిద్దామా? అంతమందికి స్టేషన్‌లో బెంచీలు చాలవు.

త్యాగరాజు మాత్రం గట్టివాడు. చివరి చరణంలో తన పేరు పెట్టేశాడు, దాన్నే ముద్ర అంటారు. పాడేవాడు ఎవడైనా, ఏ సభలోనైనా, ఆయన పేరు పలక్కుండా కీర్తన ముగించలేడు.

ఇక్కడికొచ్చేసరికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. ‘మనోళ్ళు చేస్తే కాపీ, తెల్లోళ్ళు చేస్తే కవర్’ అన్న మాటకి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: రాసినవాడి పేరు వేసి, వాడి వాటా వాడికిచ్చి పాడితే కవర్, పేరు చెరిపేసి పాడితే కాపీ, తోలు రంగుతో పని లేదు. టార్న్ మీద పేర్లు ఉన్నాయి. కాదని ఎవరూ అనలేరు. కానీ ఉన్నాయని నాకు ఎప్పుడు తెలిసింది? 1998లో మద్రాసు బస్టాండు దగ్గర ఆ క్యాసెట్ కొన్నా. లోపల మడత కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఆ మూడు పేర్లూ ఉన్నాయి. కాగితం విప్పింది బొమ్మ చూడ్డానికే. పదేళ్ళు పైగా అది నటాలీ తన కోసం తను రాసుకున్న పాటే అని నమ్మి, ఇంకో నలుగురికి కూడా చెప్పా. ఆల్బమ్‌లో మిగతా పాటలు చాలావాటిలో ఆమె రచన ఉంది కాబట్టి ఇదీ అంతే అనుకున్నా. మెసేజ్ రాసినవాడికి కోపం వచ్చిన చోటు అదే అయ్యుంటుంది: తనకి తెలిసిన పాట తను అనుకున్నవాళ్ళది కాదని ఆలస్యంగా తెలియడం. ఆ కోపం వరకూ నాకు అర్థమైంది. ఎడ్నాస్వాప్ పాడిన గరుకు టార్న్ మొదటిసారి విన్న రోజు నేను కూడా ఒక పూట ముఖం మాడ్చుకుని తిరిగా. ఇప్పటికీ ఒంటరిగా ఉంటే అదే వింటా.

మా సంగతి అంతకన్నా ఘోరం. ఇరవై ఏళ్ళుగా రిసెప్షన్లలో వాయిస్తున్నా. మైకు పట్టుకుంటే ‘ఇప్పుడు బాలు గారి పాట’ అంటాం, ‘జానకమ్మ పాట’ అంటాం, హీరో పేరు చెప్పి చప్పట్లు కొట్టిస్తాం. రాసినవాడి పేరు నేను ఒక్క స్టేజి మీద కూడా చెప్పలేదు. సినిమా పాటలో ముద్ర ఉండదు, మనం చెప్పకపోతే ఆ పేరు ఇక లేదు.

పోయిన ఆదివారం కావలిలో రిసెప్షన్. ఈ మెసేజ్ మంట మీదే ఉన్నా కాబట్టి, ఒక పాట ముందు మైకు తీసుకుని ‘రచన ఆచార్య ఆత్రేయ’ అన్నా. మా ప్యాడ్స్ కుర్రాడు తల తిప్పి చూశాడు. ఫంక్షన్ ఒప్పుకున్న మేనేజర్ స్టేజి కింద నుంచి చెయ్యి ఊపుతూ, ‘అన్నా, భోజనాల టైం, తొందరగా కానీ’ అన్నాడు.