ధర తెలిసిన లడ్డూ, ధర తెలియని స్కిన్

బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షలు పలికింది. నిమజ్జనం రోజు పొద్దున్నే టీవీ ముందు కూర్చుని ఆ పాట చూసే హైదరాబాదీల్లో దాన్ని కొనే స్తోమత ఎంతమందికుంటుంది? అయినా ఎవరూ అది అన్యాయం అనరు. పాడినవాడికి పేరు, ఊరికి డబ్బు, చూసేవాళ్లకు కాసేపు కాలక్షేపం.

ఫ్రీ మొబైల్ గేముల్లో వేలకు వేలు ఖర్చుపెట్టేవాళ్లకు ఇంకెవరికీ దొరకని స్కిన్లు (తుపాకీలకు, పాత్రలకు తొడిగే కొత్త రూపులు), బండిల్స్ (డ్రెస్సుల సెట్లు), ఎమోట్లు (పాత్ర చేసే డ్యాన్సులు, సైగలు) ఇవ్వడం సబబేనా అన్న వాదనను ఈ లడ్డూ దగ్గర మొదలుపెడితే తేలిగ్గా తెగుతుంది. ఇవ్వొచ్చు. డబ్బున్నవాడు గొప్ప చూపించుకోవడం గేముల్లో పుట్టిన రోగం కాదు. కానీ బాలాపూర్‌లో పాడేవాడికి తానెంత పెడుతున్నాడో, దానికి ఏమొస్తుందో రెండూ తెలుసు. ఫోన్‌లో స్పిన్ కొట్టేవాడికి, అంటే బహుమతి కోసం డబ్బు పెట్టి చక్రం తిప్పేవాడికి, రెండూ తెలియవు. పేచీ అక్కడుంది.

ఒక చక్రాన్ని దగ్గరగా చూద్దాం. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకుల గేమ్‌లో ఫేడెడ్ వీల్ అని ఒకటి తరచూ వస్తుంది. పది వస్తువులు చూపించి, అక్కర్లేని రెండు తీసేయమంటారు. మిగిలిన ఎనిమిదిలో ఒకసారి వచ్చింది మళ్లీ రాదు కాబట్టి ఎనిమిదో స్పిన్ దాకా వెళ్తే అసలు బహుమతి ఖాయం. మెలికంతా స్పిన్ ధరలోనే. ఈ వీల్స్‌లో మామూలుగా కనిపించే వరస 9, 19, 39, 69, 99, 149, 199, 499 డైమండ్లు. డైమండ్లంటే రూపాయలిచ్చి కొనుక్కునే గేమ్ డబ్బు. మొదటి మూడింటికి కలిపి 67. ఏడు తిప్పేసరికి 583. ఎనిమిదోదానికి ఒక్కదానికే 499. మొత్తం 1082.

ఇప్పుడు టాపప్ రేటు, అంటే డైమండ్లు కొనే ధర చూడండి. మన దగ్గర చాలాకాలం నడిచిన ధర ప్రకారం 800 రూపాయలకు 1060 డైమండ్లు. అంటే 22 తక్కువ. ఆ 22 కోసం 80 రూపాయలు పెట్టి వంద డైమండ్ల ప్యాక్ కొనాలి, 78 మిగులుతాయి. ఇంకో చక్రం వచ్చినప్పుడు ఆ 78తో మూడు స్పిన్లు తిరుగుతాయి, చేతిలో 11 ఉంటాయి. నాలుగోదానికి 69 కావాలి. మళ్లీ టాపప్. ఇలా కావాలనే కుదిర్చారో, కలిసొచ్చిందో గానీ, ఖాతాలో ఎప్పుడూ ఎందుకూ చాలని చిల్లర కొంత పడి ఉంటుంది. అది వాడుకోవాలంటే ఇంకొంత కలపాలి. కిరాణా కొట్టువాడు చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెడితే గొడవపడే మనం ఇక్కడ కిమ్మనం.

ఎనిమిదింటికీ సమాన అవకాశం ఉంటే సగటున 315 డైమండ్ల దగ్గర పెద్ద బహుమతి తగలాలి. కానీ ఇలాంటి చక్రాల్లో పెద్దదానికి అవకాశం తక్కువ పెడతారు కాబట్టి ఖర్చు 1082 వైపే జరుగుతుంది.

విచిత్రమేమిటంటే ఉన్నవాటిలో ఇదే కాస్త మర్యాదైన చక్రం. దీనికి హద్దు ఉంది. హద్దు లేని క్రేట్లదే, అంటే ఏమొస్తుందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టెలదే అసలు తంటా. 0.6 శాతం అవకాశం అని రాసి ఉన్నదాన్ని వందసార్లు తెరిస్తే దాదాపు వచ్చేసినట్టే అనిపిస్తుంది. లెక్క వేరేలా ఉంది. ఒక్కసారికి రాకపోయే అవకాశం 0.994. దాన్ని వందసార్లు గుణిస్తే 0.55. అంటే వంద క్రేట్లు తెరిచిన వందమందిలో 55 మంది ఉత్త చేతులతో లేస్తారు. గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్ అదే 0.6 శాతంతో మొదలుపెట్టినా 90వ సారికి అరుదైన ఫైవ్ స్టార్ పాత్ర ఖాయం చేసింది. కోరుకున్న పాత్రే కావాలంటే, అదృష్టం పూర్తిగా మొహం చాటేసినా 180. ఒక్కోదానికి 160 ప్రిమోజెమ్స్ (ఆ గేమ్ డబ్బు) చొప్పున 28,800. గుండె జారే సంఖ్యే, కానీ సంఖ్యంటూ ఒకటుంది. జపాన్‌లో గ్రాన్‌బ్లూ ఫాంటసీ అనే గేమ్ కూడా 2016లో ఆటగాళ్లు గోల చేశాకే 300 డ్రాల పరిమితి తెచ్చింది.

తిప్పే బటన్ మీద 'గరిష్ఠంగా 880 రూపాయలు' అని రూపాయల్లో రాస్తే ఈ వ్యాపారం మూతపడదు. తిప్పేవాడు మాత్రం ఒక్క క్షణం ఆగుతాడు. కంపెనీలకు ఆ క్షణంతోనే ఇబ్బంది.

కంపెనీల పక్షం కూడా తీసిపారేయలేం. సర్వర్లు, చీటింగ్ పట్టే వ్యవస్థ, కొత్త మ్యాపులు, వీటన్నిటి ఖర్చు భరించేది ఆడేవాళ్లలో అతి కొద్దిమంది. పరిశ్రమలో వాళ్లను తిమింగలాలంటారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో నిలబడి మ్యాచ్ మీద మ్యాచ్ ఆడే కుర్రాడి వాటా ఆ తిమింగలమే కడుతోంది. అలాగని కుర్రాడు ఊరికే తిని పోతున్నాడనుకుంటే పొరపాటు. లాబీలో మెరిసే తుపాకీని చూసి నోరెళ్లబెట్టే జనం లేకపోతే అంత పోసి కొన్నది ఎవరికి చూపించుకోవాలి? పెళ్లిలో జనం లేకపోతే పట్టుచీర బీరువాలో ఉన్నా ఒకటే, ఒంటి మీద ఉన్నా ఒకటే.

అందుకే ఎక్స్‌క్లూజివ్ అన్నది కంటికి ఆనాలి తప్ప తుపాకీ గుండుకు బలం కాకూడదు. బీజీఎంఐ అనే ఇంకో తుపాకుల గేమ్‌లో ఎం416 తుపాకీకి వేసే గ్లేసియర్ స్కిన్‌ను లెవెల్ పెంచుకుంటూ పోతే చంపినప్పుడు వచ్చే మెసేజ్ మారుతుంది, పడిపోయినవాడి లూట్ పెట్టె రూపు మారుతుంది. దెబ్బ మాత్రం మామూలు ఎం416దే. ఫ్రీ ఫైర్‌లో అలా కాదు. ఏకే47 బ్లూ ఫ్లేమ్ డ్రాకో లాంటి, లెవెల్ పెంచుకునే ఎవో గన్ స్కిన్‌కు డ్యామేజ్ దగ్గర ఒక ప్లస్, ఫైరింగ్ వేగం దగ్గర రెండు ప్లస్‌లు, కదలిక వేగం దగ్గర ఒక మైనస్ ఉంటాయి. చూడ్డానికి చిన్న తేడా. కానీ ఎదురెదురు కాల్పుల్లో ఎవరు ముందు పడిపోతారో తేల్చేది అలాంటి తేడానే. ఇది అన్యాయమని నిపుణులెవరూ చెప్పక్కర్లేదు. కుర్రాళ్లు కస్టమ్ రూమ్ పెట్టుకుని వన్ వర్సెస్ వన్ పందెం వేసుకునేటప్పుడు మొట్టమొదటి షరతే 'గన్ ప్రాపర్టీ ఆఫ్', అంటే స్కిన్ ఇచ్చే బలం పనిచేయకూడదు. ఆట తెలిసినవాళ్లు తమలో తాము తేల్చుకోవాలనుకున్నప్పుడు పక్కన పెట్టేదాన్ని, ర్యాంక్ మ్యాచ్‌లో ముక్కూమొహం తెలియనివాడి మీద ప్రయోగించడం ఆటెలా అవుతుంది?

ఇంకో సంగతి. ఫ్రీ ఫైర్ ఆడేవాళ్లలో అన్నిటికన్నా గౌరవం దక్కిన డ్రెస్సుల్లో సకురా ఒకటి. అది 2018లో వచ్చిన మొదటి సీజన్ ఎలైట్ పాస్‌లోది, అంటే కొనుక్కుంటే ఆడేకొద్దీ బహుమతులిచ్చే పాస్‌లోది. పాస్‌లు అప్పట్లో 499 డైమండ్లకే దొరికేవి. దాని విలువంతా ధరలో లేదు, 'వీడు మొదటి నుంచీ ఉన్నాడు' అన్న గుర్తింపులో ఉంది. గేమ్ మీద మమకారం పెంచే ఎక్స్‌క్లూజివ్ ఎలా ఉంటుందో కంపెనీలకు సొంత చరిత్రే చెబుతోంది. దాని నీడలో పుట్టిన బెడద కూడా ఉంది. పాత డ్రెస్సులున్న ఐడీలను (గేమ్ ఖాతాలను) టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాలో అమ్ముతామంటారు. డబ్బు పంపాక బ్లాక్ చేస్తారు, లేదా ఐడీ ఇచ్చి, అది లింకైన మెయిల్ ద్వారా నాలుగు రోజులకు వెనక్కి లాగేసుకుంటారు. ఐడీ అమ్మకమే గేమ్ నిబంధనలకు విరుద్ధం కాబట్టి కంపెనీ పట్టించుకోదు. సైబర్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయడమే మొదటి దారి.

లాటరీ పద్ధతిని సమర్థించేవాళ్ల దగ్గర ఒక గట్టి మాటే ఉంది. నాలుగు వేలు ధర కడితే అమీర్‌పేట హాస్టల్ కుర్రాడికి అది ఎప్పటికీ అందదు, స్పిన్ అయితే 80 రూపాయలతోనైనా తగలొచ్చు కదా అంటారు. నిజమే, తగలొచ్చు. పేకాట క్లబ్బు బయట నిలబడ్డవాడికి చెప్పేదీ ఇదే. తెలంగాణ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది ఆ ఆశ ఎక్కడికి లాక్కెళ్తుందో చూశాకే. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ ఆన్‌లైన్ మనీ గేముల నిషేధ చట్టం చేసింది. గెలిచిన స్కిన్ డబ్బుగా మారదు కాబట్టి తమది జూదం కాదన్నది స్పిన్ నడిపేవాళ్ల వాదన. బెల్జియం 2018లోనే ఆ వాదనను కొట్టేసి, డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సులను (ఏమొస్తుందో తెలియని పెట్టెలను) జూదం కింద లెక్కగట్టింది.

అంత దూరం వెళ్లకుండా అవకాశాల శాతం ప్రకటిస్తే చాలనేవాళ్లున్నారు. చాలదు. దక్షిణ కొరియాలో నెక్సాన్ సంస్థ మేపుల్‌స్టోరీ అనే పీసీ గేమ్‌లో 2010 నుంచి కొన్ని వస్తువుల అవకాశాలను చెప్పకుండా తగ్గించిందని తేల్చి, అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ 2024 జనవరిలో 1,160 కోట్ల వోన్ల జరిమానా వేసింది. తెర మీద రాసిన శాతం సర్వర్‌లో నడుస్తోందా అని బయటివాడు తనిఖీ చేయకపోతే అది ఉత్త రాతే. మన వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్‌పై, అంటే కొనేవాళ్లను తప్పుదారి పట్టించే తెర మీది ఎత్తుగడలపై మార్గదర్శకాలు ఇచ్చింది. పదమూడింటి జాబితాలో మొదటిది తప్పుడు తొందర. 'ఇదే ఆఖరి అవకాశం' అని గడియారం పెట్టి, ఆనక అదే బండిల్‌ను వెనక్కి తెస్తే దాన్ని ఇంకేమనాలి?

పద్దెనిమిది దాటని ఖాతాల్లో స్పిన్ బటనే కనిపించకూడదు. నేరుగా ధర కట్టి కొనేది మాత్రం పెద్దల అనుమతితో ఉండొచ్చు. చట్టం అక్కడిదాకా వచ్చేలోగా ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని. ప్లే స్టోర్‌లో పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ కింద బడ్జెట్ పెట్టుకునే వీలుంది, కానీ అది హెచ్చరిస్తుందే తప్ప ఆపదు. ఆపేది సెట్టింగ్స్‌లోని పర్చేజ్ వెరిఫికేషన్. అదీ అమ్మ ఫోన్‌లో పిల్లాడి వేలిముద్ర ఎక్కించి ఉంటే ఉన్నా లేనట్టే. యూపీఐ లైట్‌లో వెయ్యి రూపాయల దాకా పిన్ అడగదు, అందులో ఒకేసారి ఐదు వేల వరకు నింపుకోవచ్చు. పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో దాన్ని తీసేయడం మేలు. ప్లేయర్ ఐడీ కొడితే డైమండ్లు వేసే టాపప్ సైట్లకు ప్లే స్టోర్ తాళాలేవీ అడ్డురావు.

పొరపాటున డబ్బు పోతే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో రిఫండ్ అడగాలి. రసీదు మెయిల్‌లో జీపీఏ అని మొదలయ్యే ఆర్డర్ నంబర్ ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి. బయటి సైట్‌లో చేసిన టాపప్‌కు ఆ నంబర్ రాదు.