రాయికొక న్యాయం, మనిషికొక న్యాయమా?

తిరుమల ఘాట్ రోడ్డులో ఒక బోర్డు ఉంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కూడా దాన్ని చూడరు, మలుపుల్లో కళ్లు తిరగకుండా చూసుకోవడానికే సరిపోతుంది. అక్కడ కింది గ్రానైట్‌కూ దాని మీది రాయికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల రికార్డు గల్లంతు, అంటే ఆ కాలపు రాతి పొరలే లేవు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆ సంగతి దాచలేదు సరికదా, జాతీయ స్మారకమని ప్రకటించింది. కొండ కింద మాత్రం ఆధార్‌కూ పదో తరగతి సర్టిఫికెట్‌కూ రెండేళ్ల తేడా వచ్చిన మనిషి, ఆ కౌంటర్‌కూ ఈ కౌంటర్‌కూ చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. ఈ వివక్ష మీద ప్రభుత్వం వెంటనే కమిటీ వేయాలి.

కమిటీ మొదట లడఖ్ వెళ్లాలి (ఎలాగూ కమిటీలు చల్లటి చోటికే వెళ్తాయి). అక్కడ సో మొరారి సరస్సు దగ్గర ఎక్లోజైట్ రాళ్లున్నాయి, భూమి లోతుల్లో ఒత్తిడికి రూపం మారినవి. ఇండియాను మోసే భూపలక ఆసియా కిందికి దూరినప్పుడు, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట, ఇవి దాదాపు 100 కిలోమీటర్ల లోతుకు పోయాయి. పోయినట్టు సాక్ష్యం కోయసైట్. అంత ఒత్తిడిలో ఇరుకుగా సర్దుకున్న క్వార్ట్జే (ఇసుకలో ఉండే ఖనిజమే) అది. పైకొస్తే మళ్లీ మామూలు క్వార్ట్జ్ అయిపోతుంది. గార్నెట్ అనే గట్టి ఖనిజం పొట్టలో చిక్కుకున్న రేణువు మాత్రం మిగులుతుంది. మైక్రోస్కోప్ కింద దాని చుట్టూ అన్ని వైపులకూ బీటలు కనిపిస్తాయి. ఉబ్బబోయి, చోటు చాలక చేసిన నిర్వాకం అది. 1984లో ఆల్ప్స్‌లోనూ నార్వేలోనూ ఇది బయటపడేదాకా, ఖండపు రాయి అంత లోతుకు పోయి తిరిగొస్తుందని నమ్మినవాళ్లు తక్కువ. ఆ ఖండపు రాయి మాంటిల్ (భూమి పైపెంకు కింది రాతి పొర) కంటే తేలిక, అందుకే ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన పైకి తన్నుకొచ్చింది. మన ఫైళ్లకు ఆ తేలికదనం ఎందుకు లేదో కమిటీ వేరే నివేదికలో చూడొచ్చు.

ఇక వయసు సంగతి. రాయిలో ఉండే జిర్కాన్ అనే చిన్న స్ఫటికం నడుమ ఒక తేదీ, అంచున ఇంకో తేదీ: మొదట పుట్టింది ఎప్పుడో, లోతుకు పోయి కొత్త పొర వేసుకున్నది ఎప్పుడో. గార్నెట్ తాను పెరిగిన కాలం చెబుతుంది, అభ్రకం తాను చల్లారిన కాలం. జిర్కాన్‌లో వెంట్రుక మందం లేని గుంత చేసి, యురేనియం ఎంత సీసమైందో కొలుస్తారు. తేదీలు కలవలేదని ఎవరూ కంగారుపడరు. లోతుల తేడానూ తేదీల తేడానూ పట్టుకునే రాయి పైకొచ్చిన వేగం లెక్క కడతారు. అన్ని తేదీలూ ఒకటే అయితే ఆ లెక్కే లేదు. మా అవ్వకూ రెండు తేదీలే. చెనిక్కాయలు పెరికే కాలంలో పుట్టిందని ఇంట్లో ఒకటి, బడిలో అయ్యవారు రాసిన జూలై 1 ఇంకొకటి. ఆమెను 'డేటా మిస్‌మ్యాచ్' అన్నారు.

అభ్రకంలో ఒక చిక్కుంది. దాని వయసును లోపల పోగైన ఆర్గాన్ వాయువును బట్టి లెక్కిస్తారు. బయటి ఆర్గాన్ వచ్చి చేరితే అసలు వయసు కంటే ఎక్కువ చూపిస్తుంది. శాస్త్రంలో దీని మర్యాదైన పేరు 'అదనపు ఆర్గాన్'. 60 నిండితే పింఛను, 65 దాటితే కొండమీద వృద్ధుల దర్శనం ఉన్న ఊళ్లో ఈ లక్షణాలు ఎరగనివాళ్లెవరు?

కాబట్టి ఆధార్‌లో పుట్టిన తేదీ పక్కన 'అటూ ఇటూ రెండేళ్లు' అని అచ్చువేయాలని నా డిమాండ్. రాళ్ల వయసులన్నీ అలాగే అచ్చవుతున్నాయి, లక్షల ఏళ్లు అటూ ఇటూ అయినా జర్నళ్లు జిరాక్స్ కాపీలడగవు. అదనపు ఆర్గాన్ కేసుల మీద విచారణ మాత్రం ఎన్నికలయ్యాక పెట్టుకుంటే మంచిది. మా వార్డులో వాళ్ల ఓట్లే ఎక్కువ.