జ్యూరీ గదిలో కళ్లు మూసుకున్న పన్నెండు మంది

అమెరికన్ రచయిత జాన్ గ్రిషమ్ తొలి నవల ‘ఎ టైమ్ టు కిల్’ ముగిసేసరికి చాలామందికి గుండె తేలికపడుతుంది. పదేళ్ల నల్లజాతి పిల్లపై అత్యాచారం చేసి, చచ్చిందనుకుని వదిలేసిన ఇద్దరు తెల్లవాళ్లను ఆమె తండ్రి కార్ల్ లీ హేలీ కోర్టు భవనంలోనే కాల్చి చంపుతాడు. చివరికి, ఆ సమయంలో అతనికి మతిస్థిమితం లేదన్న వాదనతో నిర్దోషిగా ఇంటికి వెళ్తాడు. నాకు మాత్రం ఎన్నిసార్లు చదివినా ఆ తీర్పు మింగుడుపడదు. అతను బయటపడ్డందుకు కాదు, బయటపడిన దారి చూసి.

కార్ల్ లీకి పిచ్చి లేదు. వియత్నాం యుద్ధంలో తనతో ఉన్న స్నేహితుడి దగ్గర ఎం-16 తుపాకీ సంపాదించాడు. కోర్టులో ఎక్కడ దాక్కోవాలో ముందే చూసుకున్నాడు. ఈ సంగతి పాఠకుడికీ తెలుసు, లాయర్ జేక్ బ్రిగాన్స్‌కీ తెలుసు. మతిస్థిమితం లేదన్న వాదన జ్యూరీ కోసం, అంటే తీర్పు చెప్పే పన్నెండు మంది మామూలు పౌరుల కోసం, తెరిచిపెట్టిన దొడ్డిదారి, అంతే. పైగా అప్పటికి చట్టం చేతులు ముడుచుకుని ఏమీ కూర్చోలేదు. నల్లజాతివాడైన షెరీఫే (కౌంటీ పోలీసు అధికారి) ఆ ఇద్దరినీ గంటల్లో పట్టుకున్నాడు. ఆ తర్వాత కోర్టులో న్యాయం జరుగుతుందన్న నమ్మకం మాత్రం కార్ల్ లీకి లేదు.

కథ జరిగే అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీలో పుట్టిన నల్లవాడికి ఆ నమ్మకం ఎందుకుంటుంది? 1955లో పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లవాడు ఎమెట్ టిల్‌ను చంపినవాళ్లను అందరూ తెల్ల మగవాళ్లే ఉన్న జ్యూరీ దాదాపు గంటలో వదిలేసింది. కొన్ని నెలలకే ఆ హంతకులు డబ్బు తీసుకుని ఒక పత్రికకు తమ నేరం తామే చెప్పుకున్నారు. ఒకసారి నిర్దోషులని తేలాక మళ్లీ విచారించే వీల్లేదు. సాక్ష్యాన్ని పక్కనపెట్టి మనసుకు తోచిన తీర్పు చెప్పే వెసులుబాటే ఆనాడు టిల్ హంతకులను కాపాడింది. నవలలో కార్ల్ లీని కాపాడిందీ అదే. మనం ఒకదానికి పళ్లు కొరికి, ఇంకోదానికి చప్పట్లు కొడతాం. నేనూ కొట్టాను.

కార్ల్ లీ జ్యూరీలో పన్నెండు మందీ తెల్లవాళ్లే. జాతిని చూసి ఎవరినైనా జ్యూరీ నుంచి తప్పించడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు బాట్సన్ కేసులో చెప్పింది 1986లో. చెప్పినంత మాత్రాన ఆగిందా? అదే మిసిసిపీలో కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతీయుణ్ణి ఒకే కేసులో ఆరుసార్లు విచారించారు. ప్రాసిక్యూషన్ తప్పించగలిగిన 42 మంది నల్లజాతి జ్యూరర్లలో 41 మందిని తప్పించిందని సుప్రీంకోర్టే 2019లో లెక్క తీసింది.

ఇక అసలు ఘట్టం. ‘కళ్లు మూసుకోండి, ఆ పిల్ల తెల్లపిల్ల అనుకోండి’ అన్న మాటను 1996 నాటి సినిమా లాయర్ నోట పెట్టి హాలంతా ఏడ్పించింది. నవలలో ఆ మాట అనేది జ్యూరీ గదిలో కూర్చున్న ఒక తెల్ల మహిళ. తేడా చిన్నది కాదు. సినిమాలో అది లాయర్ ప్రతిభ. నవలలో అది తెల్లవాళ్లు తలుపులు మూసుకుని తమలో తాము ఒప్పుకున్న నిజం. నల్లపిల్ల ఒంటిమీది గాయాలు వాళ్లను కదిలించడానికి చాలలేదు. ఊహలో ఆమె జుట్టుకు బంగారు రంగు పూయాల్సి వచ్చింది. నవల ఇక్కడ ఎంత నిజాయితీగా ఉందో, సినిమా అంత తెలివిగా తప్పించుకుంది.

ఇంకో సంగతి ఉంది. యువ లాయరుగా గ్రిషమ్ 1984లో మిసిసిపీలోని డిసోటో కౌంటీ కోర్టులో అత్యాచారానికి గురైన ఒక పన్నెండేళ్ల పిల్ల వాంగ్మూలం విన్నాడు. ఆ పిల్ల తండ్రే నిందితుణ్ణి చంపి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నుంచి మూడేళ్లు కూర్చుని ఈ నవల రాశాడు. అయితే ఆ అసలు కేసులో బాధితురాలు తెల్లపిల్ల, నేరస్థుడు నల్లవాడు. రాసేటప్పుడు రంగులు తారుమారు చేశాడు. చేయకపోతే కథే ఉండేది కాదు. మిసిసిపీలో తెల్ల తండ్రిని వదిలేయడానికి ఏ జ్యూరీ కళ్లు మూసుకోవాల్సిన పనిలేదు.