సవరణ: వ్యసనం, మంచిచెడుల గురించి నేను తప్పుగా రాసిన మాట

మత్తుకు అలవాటుపడినవాళ్లకు మంచిచెడు తెలియదని 2007 నాటి ఒక పరిశోధన తేల్చిందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన, కోనిగ్స్ బృందం చేసినది, వ్యసనపరుల గురించి కాదు. మెదడు ముందుభాగంలో, నుదుటి వెనక కిందివైపు దెబ్బతిన్న ఆరుగురి గురించి. వాళ్లు కూడా చాలా ప్రశ్నలకు అందరిలాగే జవాబిచ్చారు. కొందరిని కాపాడటానికి ఒకరిని మీ చేతులతో చావులోకి తోసేస్తారా లాంటి, మనసును కలచివేసే ప్రశ్నల దగ్గర మాత్రం మిగతావాళ్లకన్నా ఎక్కువగా "సరే" అన్నారు.

తొందరపాటు వల్లే అలవాటు పడతారని రాసింది కూడా సరిచేయాలి. 1999లో బికెల్ అనే పరిశోధకుడి బృందం చూసినప్పుడు సిగరెట్ తాగేవాళ్లు ఆలస్యంగా వచ్చే పెద్ద మొత్తం కన్నా ఇప్పుడే వచ్చే చిన్న మొత్తం వైపు ఎక్కువగా మొగ్గారు. మానేసినవాళ్లు మాత్రం ఎప్పుడూ తాగనివాళ్లలాగే ఉన్నారు. తొందరపాటు వల్ల అలవాటా, అలవాటు వల్ల తొందరపాటా అన్నది దీన్నిబట్టి చెప్పలేం. నేను మొదటిదే ఖాయమన్నట్టు రాశాను.

ఇంట్లో నాన్నో అన్నయ్యో తాగుడుతో సతమతమవుతున్నవాళ్లు ఆ మాటలు చదివి ఉంటారు. వాళ్లను మనస్ఫూర్తిగా క్షమించమని అడుగుతున్నాను. ఆ రెండు వాక్యాలూ తీసేశాను.